పసిదాని గుడ్డలు ఎవరు ఉతకాల

భద్రమ్మకి ఏదన్నా పారేయాలంటే ప్రాణం పోయినట్టు ఉంటదంట. అట్టాంటి మనిషి. పంచె చినిగిందనుకో, దాన్ని దుప్పటి చేసుద్ది. దుప్పటి చినిగితే బొంతలో కుట్టుద్ది. బొంత చినిగితే మసిగుడ్డ. మసిగుడ్డ కూడా పోగులు పోగులు అయిపోయిందనుకో, ఆ పోగుల్ని పేని కిరసనాయిలు బుడ్డికి వత్తి చేసుద్ది. చీరాల అవతల, సముద్రం గాలి తగిలే చోట, మగ్గాల కాలనీలో ఉంటదంట. మొగుడు పోయాడు. లుంగీలు నేసి పెంచిన ఒక్కడే కొడుకు, మార్కండేయులు. వాడు మగ్గం దిగి ఆటో ఎక్కాడు, గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోటం నా వల్ల కాదు అన్నాడు. ఇంక ఆ ఇంట్లో మగ్గం నేసేది ఎవరయ్యా అంటే కోడలు, తిరపతమ్మ. ఆ పిల్ల పట్టు నేసుద్ది. మామూలుగా కాదు, ఆ పిల్ల నేసిన చీర మడత విప్పితే నీళ్ళు జారినట్టు జారుద్దంట. మగ్గమేమో షావుకారుది, పట్టు షావుకారుది, చేతులు ఈ పిల్లవి. ఎప్పటికన్నా నా సొంత మగ్గం మీద కూర్చోవాల అని ఆ పిల్ల ఆశ. కూలి వచ్చినప్పుడల్లా ఒకటో రెండో నోట్లు తీసి బియ్యం డబ్బా అడుగున పెట్టుకునేది. నువ్వు ఈ కథ రాసుకుంటున్నావా అబ్బాయ్, రాసుకో. నేను కాసేపు లేచి తిరుగుతా, ఒక చోట కూర్చుని చెప్పటం నాకు చేతకాదు, నా కాళ్ళు ఊరుకోవు.

ఏమైందంటే, తిరపతమ్మకి ఆడపిల్ల పుట్టింది. పుట్టింట్లో పురుడు పోసుకుని అయిదో నెలలో వచ్చిందంట. వస్తా వస్తా పిల్లనొక చంకన, డైపర్ల మూట ఒక చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె అన్న టౌన్లో మందుల షాపులో పని చేస్తాడు, పాకెట్లు పాకెట్లు తెచ్చి ఇచ్చేవాడు, అక్కడ ఆ అలవాటు అయింది. భద్రమ్మ ఏం చేసిందంటే, కోడలు వస్తదని ముందే పెట్టెలోంచి తన మామగారి పాత పంచెలు తీసి చింపి, మడిచి పెట్టుకుని కూర్చుంది. మన ఇళ్ళల్లో అంతే గదా, పసిబిడ్డకి కొత్త గుడ్డ వెయ్యం, బాగా బతికిన ముసలాళ్ళ గుడ్డ అడిగి తెచ్చి వేస్తాం, ఆ ఆయుష్షు వస్తదని. ఆయన తొంభై దాటి పోయాడు. ఆ పంచెలు ఉతికి ఉతికి వెన్నలాగా అయినయి. ఇయ్యి చూపించి మురిసిపోదామని ఈమె కూర్చుంటే, ఆ పిల్లొచ్చి పాకెట్టు చింపింది. ఇదేందే అంది భద్రమ్మ. డైపరు అత్తా, తడి తెలవదు, పిల్ల తెల్లార్లూ పడుకుంటది అంది ఆ పిల్ల. మరి దీన్ని ఉతకాలంటే ఎట్టా, లోపల ఏదో దూది ఉందే అంది. ఉతకరత్తా, పారేస్తారు అంది. అంతే, ఇంక చూడు. పారేస్తారు అన్న మాట భద్రమ్మ ముందర అనొచ్చా.

ఆ రోజు నించీ ఆ ఇంట్లో నిమ్మళం లేదంట. మార్కండేయులు ఆటో తిప్పి వస్తా వస్తా ఒక పాకెట్టు తెచ్చేవాడు. రెండ్రోజులు తిరక్కుండానే, ఏమయ్యా అయిపోయినయి అనేది పెళ్ళాం. మళ్ళీ తెచ్చేవాడు. భద్రమ్మ ఏమో వాకిట్లో కాలుగాలిన పిల్లి మాదిరి తిరగటం, తిరుగుతా తిరుగుతా సణగటం. పాలు కొంటాం, తాగుతాం. బియ్యం కొంటాం, తింటాం. ఉచ్చ పోసి పారేసేదానికి డబ్బు పోసి కొనేవాళ్ళని నిన్నే చూశా తల్లీ అనేది. గుడ్డ తడిస్తే ఉతుకు, మళ్ళీ గుడ్డే గదా, ఇది తడిస్తే ఏంది, చెత్త. ఆ చెత్త కూడా ఊరుకుంటదా, కుక్కలు లాక్కొచ్చి వీధంతా పీకి పెడితే ఎదురింటోళ్ళు తగాదాకి వచ్చినారంట. ఇదంతా పడతానే ఉంది తిరపతమ్మ, నోరెత్తలా. కానీ ఒక రోజు ఆటోకి బేరాలు లేవు, పాకెట్టు తేవటానికి డబ్బు లేదు, సరే అని బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. అప్పుడు తీసింది. మళ్ళీ వారం మళ్ళీ తీసింది. ఇట్టా తీస్తా తీస్తా ఒక రోజు చెయ్యి పెడితే వేళ్ళకి డబ్బా అడుగు తగిలిందంట. నా మగ్గం పలకలు ఒకటొకటి తీసి కుక్కలకి వేశానే అనుకుంది. పిల్ల నడిచిందాకా ఇట్టాగే కొంటే ఏమవుద్ది, మగ్గం డబ్బు మొత్తం ఆ పాకెట్లకే పోద్ది గదా. ఇంకెవరూ చెప్పక్కర్లా. అత్త దగ్గరికి పొయ్యి, ఆ పంచె ముక్కలు ఇయ్యి అత్తా అంది.

భద్రమ్మ గెలిచింది. గెలిచినాక ఊరుకుంటదా, ఒక మాట పెట్టింది. ఈ ఇంట్లో పిల్ల గుడ్డలు పిల్ల తల్లే ఉతకాల, ఇంకొకళ్ళు ముట్టకూడదు, మా అత్త పెట్టిన కట్టు ఇది అంది. సరే అంది తిరపతమ్మ. పిల్ల గుడ్డలే గదా, ఎంత సేపు పని అనుకుంది. ఏమ్మా, ఆడాళ్ళు మీరంతా నవ్వుతున్నారు, మీకు తెలుసు గదా. ఆరేడు నెలల పిల్ల. పొద్దున లేస్తానే ఒక కుప్ప, మధ్యాన్నం ఒక కుప్ప, పొద్దుగూకే లోపల ఇంకో కుప్ప. కాలనీలో బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, చాకలి సోడా వెయ్యాల, బండ మీద బాదాల. మగ్గం గుంటలో కూర్చుని పది పోట్లు, అంటే అడ్డపోగులు, వేసిందో లేదో, పిల్ల ఏడుపు. లేచి గుడ్డ మార్చు. మళ్ళీ కూర్చో, మళ్ళీ లే. కుదురుగా కూర్చున్నదే లేదు. పోనీ అదన్నా భరిస్తది. నెల తిరిగేసరికి చేతులు చూసుకుంటే ఏముందీ, వేళ్ళ చివర్లన్నీ పగిలి పెచ్చులు లేచినయి. పట్టు నేసేవాళ్ళకి చేతులు పగిలితే ఏమవుద్దో ఈ అబ్బాయికి తెలవదు, చెప్తా. పట్టు పోగు వెంట్రుక కన్నా సన్నం. వేలి మీద చిన్న పెచ్చు లేచినా దాన్ని పట్టుకుంటది. పట్టుకుని లాగుద్ది. నేసేటప్పుడు కనపడదు, చీర మగ్గం మీద నించి దిగినాక వెలుతురులో పెట్టి చూస్తే కనపడుద్ది, అక్కడొక పోగు ఇక్కడొక పోగు లేచి, పిల్లి గీరినట్టు.

షావుకారు చీర తీసుకున్నాడు. వాకిట్లో ఎండకి పట్టుకుని చూశాడు. చూసి మడిచి మళ్ళీ ఈమె చేతిలోనే పెట్టాడంట. తిట్టాడా, తిట్టలా. తిడితే బాగుండేది. ఏమ్మా తిరపతమ్మా, నీ చేతి చీరని సాటి నేతగాళ్ళకి చూపించి ఇట్టా నేయండిరా అని చెప్పేవాణ్ణి, ఇది ఎవరికి చూపించమంటావు అన్నాడు. పెళ్ళి చీర ఒకటి ఉంది, పడుగు ఎక్కించి పోతున్నా, పౌర్ణమికి దింపాల. అది కూడా ఇట్టాగే వస్తే నన్నేం అనుకోమాక, పట్టు తీసుకుపోయి లుంగీల పడుగు పంపిస్తా అన్నాడు. లుంగీల పడుగు అంటే ఏందో తెలుసా. దినమంతా నేసినా పట్టు కూలిలో సగానికి సగం కూడా రాదు. ఆ కూలితో సొంత మగ్గం కొనాలంటే ఈ జన్మ చాలదు. ఆ పిల్ల చీర ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూలబడి ఏడ్చింది. పసిది ఏడుస్తా ఉంది లోపల, లేచి తీసుకోలా. భద్రమ్మే పిల్లని తీసుకొచ్చి పక్కన కూర్చుంది. కూర్చుని, ఏదీ చూడనీ అని చీర తన ఒళ్ళోకి లాక్కుంది. లాక్కుని ఏం చేసిందంటే, వేళ్ళతో తడమలా. మోచేతి లోపలి పక్క, మెత్తటి చోటు, అక్కడ ఆనించి నెమ్మదిగా జరిపిందంట చీరని.

తిరపతమ్మ ఏడుపు ఆపేసింది. అదేందత్తా, నువ్వు లుంగీలు నేసిన మనిషివి, పట్టుని అట్టా చూడాలని నీకెట్టా తెలుసు అంది. భద్రమ్మ చీర మడిచి పక్కన పెట్టింది. పిల్లని ఊపుతా ఊపుతా అప్పుడు చెప్పింది. నేనూ పట్టే నేశానే. ఈ మార్కండేయులు పుట్టిందాకా పట్టే నేశా. వీడు పుట్టినాక మా అత్త వీడి గుడ్డలు నా చేత ఉతికించింది, ఇదే బోరు, ఇదే సోడా. వీడికి ఏడాది నిండేసరికి నా చేతులు కొబ్బరి పీచు అయినయి. అప్పటి షావుకారు ఈయన నాయన, పట్టు తీసుకుపోయి లుంగీలు ఇచ్చాడు. మళ్ళీ పట్టు ముట్టుకోలా. ముప్పై ఏళ్ళు లుంగీలు నేశా. గుడ్డలు ఊరికే వచ్చినయి అనుకుని మా అత్త మురిసిపోయింది, నేను కూడా మురిసిపోయా, ఊరికే యాడ వచ్చినయే, ముప్పై ఏళ్ళ పట్టు కూలి పోయింది గదా నాకు. ఇట్టా అంది. అంటే ఆ పిల్ల ఏమంది, అత్త మొకంలోకి సూటిగా చూసి, మరి తెలిసి కూడా నా చేత ఉతికించావా అంది. భద్రమ్మ తప్పించుకోలా, అది చెప్పుకోవాల ఆమె గురించి. ఉతికించానే, నేను పడ్డాను గదా నువ్వు పడితే ఏంలే అనుకున్నా, నువ్వు పట్టు నేస్తుంటే చూసి నాకు కడుపులో మండేది అంది. ఆ మాట అన్నాక ఇద్దరూ ఏడ్చారంట, పిల్లతో కలిపి ముగ్గురు. ఏడ్చి ఏడ్చి భద్రమ్మ కళ్ళు తుడుచుకుని, ఇక నించి నేను ఉతుకుతాలే, నా చేతులకి ఇంక పోయేదేముంది అంది. తిరపతమ్మ తల అడ్డంగా ఊపింది. వద్దత్తా, నువ్వు ఒక తడవ ఉతికావు, చాలు అంది.

మరి ఎవరు ఉతకాల. ఇద్దరూ ఒకసారే తల తిప్పి చూశారంట. మంచం మీద మార్కండేయులు కాలు మీద కాలేసుకుని సెల్‌ఫోను చూస్తా ఉన్నాడు. ఇంట్లో ఇంత జరిగింది, వాడికి చెవిన పడిందో లేదో. ఒరేయ్ లే, బకెట్టు తీసుకో అంది భద్రమ్మ. ఎందుకమ్మా అన్నాడు. పిల్ల గుడ్డలు ఉతకాల అంది. వాడు నవ్వాడు, ఎగతాళి అనుకున్నాడు. కాదని తెలిసినాక లేచి కూర్చున్నాడు. నేనేంది, పంపు కాడ కూర్చుని ఉచ్చ గుడ్డలు ఉతకటమేంది, ఆటో స్టాండులో తలెత్తుకోవాలా వద్దా, పాకెట్లు కొంటాలే, అప్పు చేసన్నా కొంటా అన్నాడు. భద్రమ్మ దగ్గరికి పొయ్యి తన రెండు చేతులూ వాడి మొకం ముందర పెట్టిందంట. చూడరా, ఇయ్యి పట్టు నేసిన చేతులు. నీ గుడ్డలు ఉతికి ఇట్టా అయినయి. నువ్వు నాకు బాకీ లేవు, నీకు ఊహ తెలవదు అప్పుడు. కానీ ఇప్పుడు తెలుసు గదా, నీ పిల్ల గుడ్డలు నీ పెళ్ళాం చేతులు కూడా తింటుంటే చూస్తా కూర్చుంటావా అంది. వాడు ఆ చేతులు చూశాడు. పుట్టిన కాడి నించి చూస్తున్నవే, ఆ రోజు చూశాడు. లేచి బకెట్టు తీసుకున్నాడు.

ఇంక అయిపోయింది అనుకుంటున్నారా. ఆగండి, వక్క నోట్లో వేసుకుని చెప్తా. వాడు ఉతికాడు. బాగానే ఉతికాడు, పట్టుదలతో ఉతికాడు. ఎండేశాడు, మడిచాడు, తెచ్చి పెట్టాడు. ఆ గుడ్డ కట్టిన కాడి నించీ పిల్ల ఒకటే ఏడుపు. పాలిస్తే ఏడుపు, ఎత్తుకుంటే ఏడుపు, ఉయ్యాల్లో వేస్తే ఇంకా ఏడుపు. కడుపునొప్పేమో అని వాము నీళ్ళు పట్టారు. దిష్టేమో అని ఉప్పు తిప్పి వేశారు. డాక్టరు కాడికి పోతే జ్వరం లేదు, ఏం లేదు, తొడలు మాత్రం ఎర్రగా ఒరుసుకుపోయినయి, పూత మందు రాయండి అన్నాడు. రాశారు. అయినా ఏడుపే. పెళ్ళి చీర మగ్గం మీద ఉంది, పౌర్ణమి దగ్గర పడతా ఉంది, కొబ్బరి నూనె రాసి రాసి తిరపతమ్మ చేతులు కొంచెం నెమ్మదించినయి, కానీ కూర్చోనిస్తే గదా నేసేది. ఇంటిల్లిపాదికీ కంటి మీద కునుకు లేదు. ముగ్గురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు కస్సుమంటా తిరిగారు. నేను చెప్పలా, పాకెట్లయితే ఇట్టా ఉండదని అన్నాడు మార్కండేయులు. వీడు పాకెట్ల కోసం కావాలనే సోడా కడక్కుండా వదిలేస్తున్నాడని భద్రమ్మకి అనుమానం. చివరికి తిరపతమ్మ ఏం చేసింది, ఇంక నా వల్ల కాదు, మగ్గమూ వద్దు ఏమీ వద్దు అని బియ్యం డబ్బా మొత్తం చాప మీద బోర్లించి, ఉన్న నాలుగు నోట్లు ఏరి మొగుడి చేతిలో పెట్టింది. పొయ్యి ఒక పాకెట్టు తీసుకురా అంది.

వాడు చెప్పులేసుకున్నాడు. భద్రమ్మ మనసొప్పక, పిల్ల గుడ్డలన్నా తీసి దాచుకుందామని పెరట్లోకి పోయింది. సముద్రం గాలి ఇసిరి కొడతా ఉంది, పక్కింటి చీరలన్నీ తీగ మీద రెపరెపలాడిపోతా ఉన్నాయి. వీళ్ళింటి గుడ్డలు మాత్రం కదలటం లేదంట. పలకల్లాగా వేలాడతా ఉన్నాయి. ఒకటి తీసింది. అప్పడంలాగా ఉంది. నేల మీద నిలబెట్టింది. నిలబడింది. ఒరేయ్ మార్కండేయులూ, ఆగు, నువ్వు వీటికి గంజి పెట్టావా అంది. వాడు గుమ్మంలోంచి తిరిగి చూసి, పెట్టకుండా ఎట్టా ఆరేస్తారమ్మా అన్నాడు. చూశారా. నేతోళ్ళ ఇంట్లో పుట్టినోడు. మగ్గం దిగాడే గానీ, ఉతికిన గుడ్డని గంజిలో ముంచకపోతే పని అయినట్టు ఉండదు వాడికి. రోజూ పొద్దున అన్నం వార్చిన గంజి దాచిపెట్టుకుని, చిక్కగా కలిపి, ఒక్కొక్క ముక్కా ముంచి పిండి, అంచులు సాగదీసి మరీ ఆరేశాడంట. వెన్నలాంటి పంచెలు ఆ పసిదాని తొడలకి రంపాలు అయినయి. తడి కూడా పీల్చలా, ఎట్టా పీలుస్తది, మీద గంజి ఉంటే జారిపోద్ది. భద్రమ్మకి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. నవ్వి నవ్వి అక్కడే తీగ కింద కూర్చుండిపోయింది. లోపల్నించి తిరపతమ్మ వచ్చి చూసి ఆ పిల్ల కూడా నవ్వింది, పసిదాన్ని కన్న కాడి నించి తిరపతమ్మ నవ్వటం అదే మొదలంట. పాకెట్టు తేలేదు. గుడ్డలన్నీ వేన్నీళ్ళలో నానేసి గంజంతా పోగొట్టి ఆరబెట్టి కట్టారు. ఆ పూట పిల్ల పడుకుంటే, బతికుందా లేదా అని ముక్కు కాడ వేలు పెట్టి చూశారంట, అంత నిద్ర పోయింది.

తిరపతమ్మ గుంటలోకి దిగి కూర్చుంది. భద్రమ్మ వంట చూసుకుంది, పిల్లని చూసుకుంది. వాడు ఉతికాడు. రోజూ పొద్దున్నే పంపు కాడికి పోయేవాడు. మొదట్లో తలకి తువ్వాల కప్పుకుని, ఎవరూ లేనప్పుడు చూసి పోయేవాడు. పిల్ల గుడ్డలకి అట్టాంటి సమయం యాడ దొరుకుద్ది, తడిసినప్పుడు తడుస్తాయి. ఒక రోజు ఆటో స్టాండు వాళ్ళు నలుగురూ పట్టుకున్నారు. ఏం మార్కండేయులూ, ఆటో అమ్మేసి ఈ పని పెట్టావా, మా గుడ్డలు కూడా తెచ్చి వెయ్యమంటావా అన్నాడు వాళ్ళలో ఒకడు, కోటిలింగం. వీడు గుడ్డ పిండుతా పిండుతా, నీ పెళ్ళాం ఏం నేసుద్ది కోటిలింగం అన్నాడు. లుంగీలు అన్నాడు వాడు. పెళ్ళికి ముందర ఏం నేసేది అన్నాడు. కోటిలింగం ఆలోచించుకున్నాడు. పట్టు నేసేది అన్నాడు. మీకు పిల్లలెంతమంది అన్నాడు. ముగ్గురు అన్నాడు. వీడు గుడ్డ దులిపి బకెట్టులో వేసుకున్నాడు. కోటిలింగం ఆ పూట బేరాలకి పోలేదంట, ఆటోలో అట్టాగే కూర్చున్నాడంట.

పౌర్ణమికి చీర దిగింది. షావుకారు వాకిట్లో ఎండకి పట్టుకుని చూశాడు, తిప్పి చూశాడు, మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఏం మాట్టాడలా, రెండో పడుగు ఎక్కించి పోయాడు. మాట్టాడకపోవటమే గదా కావాల్సింది. మగ్గం కొన్నదా అని అడుగుతారు మీరు. కొన్నది. పిల్ల గడప దాటి పరిగెత్తే నాటికి డబ్బా నిండింది, పాకెట్లకి పోవాల్సిందంతా అందులోనే పడింది మరి. కొన్న రోజు మగ్గానికి పసుపు రాసింది భద్రమ్మే. ఆమె అయితే మారలేదులే, ఇప్పటికీ వీధిలో ఎవరన్నా పాకెట్టు తెస్తే వెనకాల పడి, గుడ్డ చవకే అమ్మాయ్, గుడ్డ చవక అంటానే ఉంటది. కాకపోతే వెంటనే అడుగుద్ది, ఉతికేది ఎవరు అని. ఆ జవాబు చెప్పినాకే చవకో కాదో చెప్పుద్ది.

అంతేనయ్యా, నాకు తెలిసింది ఇంతే. ఇంక లేవండమ్మా, మీ పన్లు మీకున్నాయి. అబ్బాయ్, రాసుకోటం అయిందా. నీకు పెళ్ళయిందన్నావు గదా, పిల్లోడు కూడా ఉన్నాడన్నావు, ఎంత, ఏడు నెలలా. పొద్దున్నే వచ్చి మా కాలనీలో కూర్చున్నావు, పొద్దుగూకుతా ఉంది, మీ ఇంట్లో ఆ పిల్లోడి గుడ్డలు ఇప్పుడు ఎవరు ఉతుకుతున్నారు నాయనా. ఇదిగో చూడండమ్మా, ఇందాకటి నించి ఆగని కలం ఇప్పుడు ఆగింది.